వాతావరణ యంత్రపు గూడు : దాని శుభ్రత

ఒకప్పుడు వాతావరణమును కొలుచు పరికరములు ప్రభుత్వ కార్యాలయములందును, విశ్వవిద్యాలయములందును తప్ప కానరాకుండెడివి. నేడన్ననో అవి సామాన్య గృహస్థుల మిద్దెలపైనను, పాఠశాలల ఆవరణములందును నెలకొనుచున్నవి. ఒక చిన్న స్తంభము, దానిపై తెల్లని పళ్లెములను దొంతరగా పేర్చినట్లున్న గూడు, గిరగిర తిరుగు గిన్నెలు, వర్షమును పట్టు గరాటు, ఇంటిలోపల అంకెలను చూపు పలక: ఇంతియే యంత్రము. ఉదయము లేచిన వెంటనే పిల్లలు పలకను చూచి ఆనాటి చలిని చెప్పుదురు. వేసవి మధ్యాహ్నమున తండ్రి ఎండ ఎన్ని డిగ్రీలకు చేరినదో పొరుగువారికి చెప్పును. ఇది సంతోషింపదగినదే. కాని యా అంకె ఎక్కడనుండి వచ్చినదో, ఆ తెల్లని గూటి లోపల నేమి చేరియున్నదో చూచువారు మాత్రము మిక్కిలి అరుదు.

ఈ విషయమున మా అభిప్రాయమును విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచ గోరుచున్నాము. గూటిని తుడువనివారికి ఆ గూటి అంకెను నిజమని చాటు హక్కు లేదు. యంత్రమును కొనుట సగము పని. దానిని శుభ్రముగా నుంచుట తక్కిన సగము. మొదటి సగమునకు డబ్బు చాలును. రెండవ సగమునకు చేతులును, ఓర్పును కావలయును. అందుచేతనే లోకమున మొదటి సగము విరివిగా జరుగుచున్నది, రెండవది జరుగుట లేదు.

గూటి ప్రయోజన మేమో ముందుగా తెలిసికొందము. ఉష్ణమాపకము గాలి వేడిమిని చూపునని మనము వాడుకగా చెప్పుదుము. నిజమునకు అది తన వేడిమినే చూపును. దానిని ఎండలో పెట్టినచో సూర్యకిరణములను త్రాగి గాలికంటె ఎంతో ఎక్కువ వేడెక్కి, ఆ వేడిమినే చూపును. వేడెక్కిన గోడకు ఆనించినచో గోడ వేడిమిని కలుపుకొనును. తడిసినచో చల్లబడును. కావున దానికి ఎండయు వానయు తగులరాదు. అయినను గాలి మాత్రము ధారాళముగా తగులవలయును. ఎండను ఆపి, గాలిని ఆపకుండుట: ఈ రెండు కోరికలును ఒకదానికొకటి విరుద్ధములు. తలుపులు మూసినచో ఎండతోబాటు గాలియు పోవును; తెఱచినచో గాలితోబాటు ఎండయు వచ్చును.

ఈ చిక్కునకు చక్కని యుపాయము చెప్పినవాడు స్కాట్లండు దేశమునకు చెందిన థామస్ స్టీవెన్‌సన్. ఆయన దీపస్తంభములను కట్టు ఇంజనీరు. మన విద్యార్థులు ప్రీతితో చదువు ట్రెజర్ ఐలండు నవలను వ్రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్‌కు తండ్రి. 1864లో ఆయన వర్ణించిన పేటికకు నాలుగు వైపులను రెండు వరుసల ఏటవాలు చెక్కలుండును. గాలి వాని సందులనుండి దూరిపోవును. సూర్యకిరణము మాత్రము తిన్నగా లోపలికి చేరలేదు. పేటిక అంతయు తెల్లరంగు పూసి, భూమికి ఇంచుమించు మనిషి ఱొమ్మెత్తున నిలుపుదురు. మన దేశమువంటి ఉత్తరార్ధగోళపు దేశములందు దాని తలుపును ఉత్తరపు దిక్కునకు పెట్టుదురు. అంకెలు చూచుటకు తలుపు తీసినప్పుడు ఎండ లోపల పడకుండుటకే యిది. నేడు ఇండ్లపై నిలుపు తెల్లని ప్లాస్టికు పళ్లెముల దొంతర యా పేటికకు మనుమరాలే. రూపము మాఱినది, ధర్మము మాఱలేదు.

ఆ 1864వ సంవత్సరమే మన తీరమునకు మఱచిపోరాని సంవత్సరము. ఆ యేడు అక్టోబరులో కలకత్తాను గొప్ప తుపాను పాడుచేసినది. నవంబరు 1వ తేదీన బందరుపై సముద్రము పొంగి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. కలకత్తా తుపానును, పిమ్మట 1866లోను 1871లోను వచ్చిన అనావృష్టియును ప్రభుత్వమునకు కనువిప్పు కలిగింపగా, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. అనగా వాతావరణపు లెక్కలు వేడుకకొఱకు పుట్టినవి కావు; ప్రాణములు పోయిన పిమ్మట, ఇకముందైనను పోకుండుటకై పుట్టినవి.

తెలుగువారికి ఈ విద్య పరదేశమునుండి నిన్న మొన్న వచ్చినది కాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లోనే తమ యింటి ఆవరణమున స్వంత ధనముతో పరిశీలనాలయమును స్థాపించిరి. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడగు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపిరి. గ్రహనక్షత్రములను చూచుటతోబాటు అచ్చట వాతావరణపు కొలతలును తీసి ప్రకటించుచుండిరి. గృహస్థుడు తన యింటినుండి లోకమునకు ఉపయోగపడు లెక్కలు వ్రాయగలడనుటకు ఇంతకంటె దగ్గఱి దృష్టాంత మేల? సముద్రపు టుప్పుగాలి తగులు ఆ పట్టణమున అట్టి పనిని ఏండ్ల తరబడి సాగించుటకు ఎంత శ్రద్ధ కావలయునో పరికరములను వాడినవారు గ్రహింపగలరు.

ఇక మాలిన్యము చేయు అపకార మేమో విచారింతము. మొదటిది దుమ్ము. తెలుపు సూర్యకాంతిని త్రిప్పికొట్టును. మాసిన తెలుపు దానిని కొంత మ్రింగును. మన యూళ్లలో రోడ్డు దుమ్ము, ధాన్యము తూర్పారబట్టునప్పటి పొట్టు, పత్తి మిల్లుల నూగు, వరిగడ్డి తగులబెట్టిన మసి, భోగిమంటల పొగ, దీపావళి మందుగుండు పొగ ఒకదానివెంట నొకటి వచ్చి గూటిపై పొరలుగా పేరుకొనును. అంతట గూడు తానే వేడెక్కి లోపలి గాలిని వేడిచేయును. ఎండ తీక్ష్ణముగానుండి గాలి వీవని మధ్యాహ్నములందు ఈ దోషము అన్నిటికంటె పెద్దది. పాతబడి పసుపెక్కిన ప్లాస్టికును, పెచ్చులూడిన రంగును ఇదే చేయును.

రెండవది సందులు మూసికొనిపోవుట. సాలెపురుగులకు ఈ గూటికంటె మంచి యిల్లు లేదు. నీడ, చల్లదనము, ఈగలు దూరు సందులు అన్నియు నున్నవి. సాలెగూడు కట్టగానే దానికి దుమ్ము పట్టి తెర యగును. కందిరీగలు మట్టి తెచ్చి పళ్లెముల నడుమ గూళ్లు పెట్టును. చీమలు గ్రుడ్లను చేర్చును, బల్లులు కాపురముండును. గాలి కదలిక నిలిచినచో లోపలనున్న సెన్సారు బయటి గాలి వేడిమిని ఆలస్యముగా తెలిసికొనును. వేసవిలో ఉన్నట్టుండి గాలివాన వచ్చి పది నిమిషములలో ఊరంతయు చల్లబడినను, ఆ గూటిలో ఇంకను ఎండాకాలమే యుండును.

మూడవది తేమ లెక్క చెడుట. ఇంటి యంత్రములలో తేమను కొలుచు సెన్సారు పలుచని పొరతో చేయబడినది; దానిపై దుమ్మును ఉప్పును చేరినచో, ఉప్పు గాలిలోని తేమను పీల్చి తనయొద్ద ఉంచుకొనును గనుక అంకె తప్పును. పాఠశాలలలో నున్న పాతకాలపు తడిబుడ్డి ఉష్ణమాపకమునకును ఇట్టి చిక్కే కలదు. దాని బుడ్డికి చుట్టిన మస్లిను గుడ్డ మాసినను, బోరునీటిలోని సున్నము పేరుకొన్నను నీరు చక్కగా ఆవిరి కాదు. ఆవిరి కానిచో బుడ్డి చల్లబడదు. చల్లబడనిచో గాలిలో ఉన్నదానికంటె ఎక్కువ తేమ ఉన్నట్లు లెక్క వచ్చును. కావుననే ఆ గుడ్డను, వత్తిని వారమున కొకసారి మార్చవలయును; దుమ్ము రేగు దినములందును, సముద్రతీరమునను అంతకంటె ముందే మార్చవలయును. క్రొత్త గుడ్డను గంజి పోవునట్లు ఉడికించి వాడవలయును. నీరు బాటరీలకు పోయు స్వేదనజలమై యుండవలయును.

నాల్గవది వర్షపు గరాటు. ఇంటి యంత్రములలో చాలవఱకు గరాటు క్రింద చిన్న తొట్టి జత యుండును. ఒకటి నిండగానే త్రాసువలె ఒరిగి నీటిని పాఱబోయును. రెండవది దాని స్థానమునకు వచ్చును. కొన్ని యంత్రములలో ఒక్కొక్క ఒరుగుట 0.2 మిల్లీమీటరు వర్షమునకు గుర్తు. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని యొక ఎకరముపై 1 మిల్లీమీటరు వర్షమనగా 4,047 లీటర్ల నీరు, 0.2 మిల్లీమీటరు అనగా 809 లీటర్లు! వేపాకు ఒక్కటి, కాకి రెట్ట ఒక్కటి గరాటు రంధ్రమున కడ్డుపడినచో రాత్రి కురిసిన వాన గరాటులోనే నిలిచి, మఱునాడు బొట్టు బొట్టుగా జాఱును. అప్పుడు వాన కురిసిన రాత్రి లెక్కలో ఎండగాను, ఎండ కాచిన పగలు లెక్కలో వానగాను కనబడును. ఇంతకంటె హాస్యాస్పదమైన లెక్క యుండునా?

ఐదవది గాలివేగమును కొలుచు గిన్నెలు. వాని ఇరుసున దుమ్ము చేరినను, సాలెదారము చుట్టుకొన్నను, పిల్లగాలికి అవి తిరుగవు. ఊరిలో చెట్టాకులు కదలుచుండగా యంత్రము సున్న చూపును.

ఇన్ని దోషములలో ఒక సామాన్య లక్షణము గలదు. ఏదియు యంత్రమును ఆపివేయదు. పగిలిన యంత్రము తాను పగిలితినని చెప్పును. మాసిన యంత్రము మునుపటి ధైర్యముతోనే అంకెలు చూపుచుండును. పలకపై దశాంశ స్థానముతో సహా అంకె వెలుగుచుండగా దానిని శంకించువా రెవ్వరు? అందుచేత విఱిగిన యంత్రముకంటె మాసిన యంత్రమే అపాయకరమైనదని మా నిశ్చితాభిప్రాయము.

"ఒక డిగ్రీ ఎక్కువైన నేమి, తక్కువైన నేమి" అని కొందఱడుగుదురు. అడుగుట న్యాయమే, ఉత్తరము చెప్పుదము. భారత వాతావరణ శాఖవారి నియమము ననుసరించి మైదాన ప్రదేశములందు పగటి గరిష్ఠోష్ణము 40 డిగ్రీలకు చేరి, ఆ కాలమునకు సాధారణమైనదానికంటె 4.5 డిగ్రీలు మించినచో అది వడగాలి, 6.4 డిగ్రీలను దాటి మించినచో తీవ్రమైన వడగాలి. ఈ రెంటి నడుమ నున్నది రెండు డిగ్రీలు లోపే. అట్టిచోట ఒక డిగ్రీ తప్పు స్వల్పమా? 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములందు వడగాలికి వేయిమందికి పైగా మరణించిరి. వారిలో ఎండలో కూలిపని చేయువారును, వృద్ధులును విస్తారముగా నుండిరి. వడగాలిని సరిగా కొలుచుట వారి విషయమున లెక్కల పాఠము కాదు. 2016లో ఆరంభమైన పునర్వ్యవస్థీకృత వాతావరణాధారిత పంటల బీమా పథకమున రైతునకు పరిహారము చెల్లవలయునా వలదా యనునది వాతావరణ కేంద్రపు వర్షము, ఉష్ణము మున్నగు లెక్కలనుబట్టియే తేలును. ఒక గరాటులో ఆకు అడ్డుపడుట ఒక కుటుంబపు అన్నమున కడ్డుపడుట కావచ్చును.

ఇంటి యంత్రపు అంకెలనుబట్టి ప్రభుత్వము బీమా చెల్లింపదు గదా యని మఱల అడుగవచ్చును. నిజమే. కాని రేపు ఆ కేంద్రములను పరామర్శించు ఉద్యోగులు, మందులు చల్లు వ్యవసాయాధికారులు, ఓడలను నడుపు నావికులు, రోగి జ్వరమును చూచు దాదులు నేటి పాఠశాల విద్యార్థులే. పరికరమును నమ్ముటకు ముందు దానిని పరీక్షించు అలవాటు పదునాలుగవ యేట రానిచో నలువదవ యేట వచ్చునా? దాది ఉష్ణమాపకమును కడుగకుండ నొక రోగి నోటినుండి మఱియొక రోగి నోటికి మార్చదు. ఇచ్చట నేర్చు శ్రద్ధయు అచ్చట చూపు శ్రద్ధయు ఒక్కటే.

శుభ్రపఱచు విధానమును సంక్షేపముగా చెప్పుదము. మొట్టమొదట చేయవలసినది తుడుచుట కాదు, వ్రాయుట. ఆనాటి తేదీ, గంట, అప్పటి ఉష్ణము, తేమ, గూటి స్థితి పుస్తకమున వ్రాసికొనవలయును. సరియైన మఱియొక ఉష్ణమాపక మున్నచో దానిని ప్రక్కనే నీడలో గాలి తగులునట్లు పట్టి, ఆ అంకెనుకూడ వ్రాయవలయును. మన దేశమున వర్షపు లెక్కకు దినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు ముగియును. కావున ఆ అంకెను తీసిన పిమ్మట పని ప్రారంభించుట మేలు. గరిష్ఠోష్ణము వచ్చు మధ్యాహ్న కాలమున గూటిని విప్పరాదు.

పిదప సెన్సారును జాగ్రత్తగా వెలికి తీసి, పొడి గుడ్డలో చుట్టి నీడలో నుంచవలయును. పళ్లెములను విప్పునప్పుడు వాని వరుసను గుర్తుంచుకొనవలయును. పెన్సిలుతో లోపలి అంచున అంకెలు వేయుట సులభోపాయము. సాలెగూళ్లను, మట్టి గూళ్లను మెత్తని కుంచెతో దులిపి, గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు కలిపి మెత్తని గుడ్డతో కడుగవలయును. ఇసుక, బూడిద, గిన్నెలు తోము పీచు పనికిరావు. అవి నునుపును గీచివేయును, గీతలలో దుమ్ము మఱింత త్వరగా చేరును. సబ్బు జాడ లేకుండ మంచినీటితో కడిగి నీడలో పూర్తిగా ఆఱబెట్టవలయును. తడి గూటిని బిగించినచో ఆ తడి ఆవిరియగుచు గూటిని చల్లబఱచి, గాలికంటె తక్కువ డిగ్రీలను చూపించును. ఎక్కువ చూపుట ఎంత తప్పో తక్కువ చూపుటయు అంత తప్పే.

సెన్సారును నీటితో కడుగరాదు, వ్రేలితో తాకరాదు, నోటితో ఊదరాదు. దాని దుమ్మును మిక్కిలి మెత్తని పొడి కుంచెతో తేలికగా తీయవలయును. చీమలు పట్టినవని దోమల మందును గూటిలో చల్లువారు కలరు. ఆ మందు ఆవిరులు తేమ సెన్సారు పొరను చెఱచును. చీమలను స్తంభము మొదటనే ఆపవలయును. కందిరీగలు నివసించు గూటిని పిల్లలు తాకరాదు. అది పెద్దల పని. మిద్దెపైని నిచ్చెన వేయవలసినచో క్రింద నొకరు పట్టుకొనియుండవలయును. మబ్బు పట్టి ఉఱుము వినబడినప్పుడు ఆ స్తంభము దగ్గఱకు పోనేరాదు.

గరాటును, దాని జల్లెడను కడిగిన పిమ్మట కొలిచిన నీటితో పరీక్ష చేయవలయును. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లైనచో 1 మిల్లీమీటరు వర్షమునకు 20 మిల్లీలీటర్ల నీరు సరిపోవును. 200 మిల్లీలీటర్లను మిక్కిలి మెల్లగా, బొట్టు బొట్టుగా పోసినచో 10 మిల్లీమీటర్లు చూపవలయును, 0.2 వంతున ఒరుగు తొట్టియైనచో ఏబదిసార్లు ఒరుగవలయును. ఇందు గణితమును, భౌతికశాస్త్రమును, ఓర్పును ఒక్క పాఠముననే నేర్పవచ్చును. ఈ పరీక్ష ముగియువఱకు వచ్చిన అంకెలు వాన అంకెలు కావని పుస్తకమున తప్పక వ్రాయవలయును.

ఈ పని ఎన్నాళ్ల కొకసారి? నెలకొకసారి కంటితో చూచి దులుపుట, మూడు నెలలకొకసారి విప్పి కడుగుట సాధారణముగా చాలును. వీనికి తోడు నైరుతి ఋతుపవనము రాకమునుపు మే నెల చివర నొకసారి, వానలు వెడలిన పిమ్మట నొకసారి, పెద్ద దుమ్ముగాలి తరువాత నొకసారి చూడవలయును. సముద్రమునకు దగ్గఱి యూళ్లవారు ఉప్పు నిమిత్తమై మఱింత తఱచుగా కడుగవలయును.

శుభ్రపఱచినదానిని గూర్చి వ్రాయుట శుభ్రపఱచుటతో సమానమైన ధర్మమని మా మతము. గూటిని కడిగిన మఱునాడు ఉష్ణము ఒక డిగ్రీ తగ్గవచ్చును. వ్రాసి యుంచనిచో పది సంవత్సరముల పిమ్మట ఆ పుస్తకము చూచువాడు ఊరు చల్లబడినదని భ్రమపడును. గూడు కడుగబడినదని ఎఱుగడు. కొందఱు విద్యార్థులు తప్పు అంకెను చెఱిపి, తమకు సరియని తోచిన అంకెను వేయుదురు. ఇది మాలిన్యముకంటె చెడ్డది. దుమ్మును తుడువ వచ్చును గాని, కల్పించిన అంకెను గుర్తుపట్టనైనను వీలులేదు. తప్పు అంకెను తప్పు అంకెగానే యుంచి, ప్రక్కన కారణమును వ్రాయుటే శాస్త్రీయమైన పద్ధతి.

లోకప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి చెప్పుదము. 1922 సెప్టెంబరు 13వ తేదీన లిబియా దేశపు అల్ అజీజియాలో 58 డిగ్రీల వేడిమి కలిగినదని వ్రాయబడెను. భూమిపై కొలిచిన ఎండలలో అదియే పెద్దదని తొంబది సంవత్సరములు పుస్తకములన్నియు చెప్పినవి, ఉపాధ్యాయులు బోధించిరి, పిల్లలు వల్లించిరి. ప్రపంచ వాతావరణ సంస్థవారు ఆనాటి వ్రాతపుస్తకమును తిరుగవేసి, అనుభవము లేని పరిశీలకుడు అలవాటులేని ఉష్ణమాపకమును తప్పుగా చదివియుండునని తేల్చి, 2012లో ఆ అంకెను కొట్టివేసిరి. 1913 జూలై 10న అమెరికాలోని డెత్ వ్యాలీలో కొలిచిన 56.7 డిగ్రీలకు ఆ స్థానము దక్కినది. ఒక్కని ఒక్క దినపు అజాగ్రత్త తొంబది యేండ్లు లోకమును నమ్మించినది. ఆ తప్పు బయటపడుటకును వ్రాతపుస్తకము నిలిచియుండుటయే కారణమని గమనింపుడు.

ఇక మిగిలినది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న: ఈ పని ఎవరు చేయవలయును? సామాన్యముగా జరుగునది యిది. అంకెలు చదివి నల్లబల్లపై వ్రాయు పని తెలివిగల విద్యార్థులకు. గూటిని తుడుచు పని నౌకరుకు, లేనిచో ఆలస్యముగా వచ్చిన బాలునికి శిక్షగా. ఇండ్లలోనైనచో మీటను నొక్కువాడు యజమాని. నిచ్చెన ఎక్కువాడు పనివాడు. ఈ ఏర్పాటు రెండు విధముల చెడ్డది. మొదట, అంకె చదువువానికి గూటి స్థితి తెలియదు గనుక అంకెను శంకించు శక్తి యుండదు. తుడుచువానికి అంకె అర్థము తెలియదు గనుక ఎంత శ్రద్ధ కావలయునో తెలియదు. వానిని నిందింపను వీలులేదు. ఒక పనిని రెండుగా చీల్చి, గౌరవమును ఒకరికిని, మాలిన్యమును మఱియొకరికిని పంచుటచేత రెండు భాగములును పాడగుచున్నవి.

రెండవది మఱింత లోతైనది. ఊడ్చుట, తుడుచుట, కడుగుట హీనమైన పనులనియు, అవి కొన్ని కులములవారికే తగినవనియు మన దేశమున నాటుకొన్న దురభిప్రాయము ఇంకను నశింపలేదు. పాఠశాల శుభ్రతను శిక్షగా విధించినప్పుడెల్ల ఆ దురభిప్రాయమునకు నీరు పోసినట్లగుచున్నది. చీపురు పట్టుట శిక్షయని బాలుడు నేర్చుకొనినచో, ప్రతిదినము చీపురు పట్టు తల్లిని, ఊరి వీథులను ఊడ్చు కార్మికులను అతడు ఏ దృష్టితో చూచును? తుడుచుట శాస్త్రములో భాగమని, కొలతలో సగమని నేర్చుకొనినచో ఆ దృష్టి మాఱును. మేము ఈ చిన్న గూటిని గూర్చి యింత వ్రాయుటకు ముఖ్యకారణ మిదియే.

కావున మా సూచనలు నాలుగు. ఒకటి: పాఠశాలయందు ప్రతి నెల మొదటి శనివారము గూటి దినముగా నిర్ణయించి, బాలురును బాలికలును వంతులవారీగా, తరగతిలో మొదటివాడని చివరివాడని భేదము లేక, ఉపాధ్యాయునితో కలిసి ఆ పని చేయవలయును. రెండు: ఏ నెల గూడు తుడువబడలేదో ఆ నెల అంకెలను నల్లబల్లపై ప్రకటింపరాదు. మూడు: శుభ్రపఱచుటను ఎన్నటికిని శిక్షగా విధింపరాదు. నాలుగు: ఇండ్లలో యంత్రము గల తలిదండ్రులు నెలకు అరగంట కాలము తమ పిల్లలతోగూడ మిద్దె ఎక్కవలయును, పనివానిని పంపి తాము క్రింద నిలుచుండరాదు.

పరీక్షల కాలమున పిల్లల సమయము వ్యర్థమగునని కొందఱు తలిదండ్రులు శంకింపవచ్చును. ఆవిరియగుట వలన చల్లదన మేల కలుగును, తెలుపు వేడిమిని ఏల త్రిప్పికొట్టును, వైశాల్యమునుండి ఘనపరిమాణ మెట్లు వచ్చును: ఇవన్నియు ఆ యరగంటలో చేతికి తగులు పాఠములు. పుస్తకమున చదివినది పరీక్ష ముగియగానే మఱచిపోవచ్చును. చేతితో చేసినది అంత త్వరగా మఱవరు. అయినను మార్కులకు ఉపకరించుననుటచేత మేము దీనిని కోరుట లేదు. ఏ మార్కులు రాకున్నను చేయవలసిన పనులు కొన్ని యుండుననియు, ఎవ్వరును చూడని చోటను శుభ్రముగా నుంచువాడే నమ్మదగినవాడనియు పిల్లలు తెలిసికొనుట మాకు ముఖ్యము.

విద్యార్థులారా! మీ యింటి మిద్దెపై అట్టి గూడున్నచో, ఈ సంచికను చదివి ముగించిన పిమ్మట, మబ్బు లేని యుదయమున, పెద్దల నొకరిని తోడుగొని పోయి దానిని విప్పి చూడుడు. లోపల సాలెగూడున్నచో సిగ్గుపడవలదు. అది సాలెపురుగు స్వభావము. దానిని అట్లే యుంచి అంకెలు చెప్పుట మాత్రము మనకు తగదు. కుంచెయు, గుడ్డయు, గిన్నెడు నీళ్లును చాలును. పుస్తకమున తేదీ వేయుట మఱువకుడు.